తెలిసిన మొగం ఏస్తేనే కదన్నా తప్పు దొరికేది: మన బొమ్మల గ్రూపు అడ్మిన్లకి ఒక బహిరంగ లేఖ

అడ్మిన్ అన్నలిద్దరికీ, అడ్మిన్ అక్కకీ, గ్రూపులో ఉండే మిగతా అందరికీ నమస్కారం.

నేనెవురో మీలో శానా మందికి తెలీదు, బొమ్మ పెట్టేసి గమ్మున పోయే రకం నేను. తిరుపతిలో బస్టాండుకి దగ్గిర్లోనే ఒక లాడ్జిలో రాత్రి పూట రిసెప్షన్లో కూర్చుంటా, పదేండ్ల పైమాటే. కొండకి పోయేవాళ్ళు తొమ్మిదికీ పదికీ వచ్చి దిగుతారు, గుండ్లు కొట్టించుకుని కిందికొచ్చినవాళ్ళు తెల్లారుజామున రూము ఖాళీ చేస్తారు, ఆ మధ్యలో ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ ఉండదు, ఆ మూడు గంటలే నా బొమ్మల టైము. మీ నోటీసు కూడా అప్పుడే చూసినా. పక్కన కార్ట్రిడ్జ్ షీటు మీద సగం ఏసిన బొమ్మ ఉంది, ఎడమ కన్ను అయిపోయింది, కుడి కన్ను ఇంకా గళ్ళలోనే ఉంది, అది సినిమాయన బొమ్మే.

నోటీసు ఇంకోసారి ఇక్కడ చెప్తా, చూడనివాళ్ళు ఉంటారు గాబట్టి. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి గ్రూపులో ఫ్యాన్ ఆర్ట్, అంటే అభిమానంతో ఏసే బొమ్మలు, పెట్టకూడదు, సినిమావాళ్ళ బొమ్మలు అస్సలు వద్దు, సొంతంగా ఊహించి ఏసినవీ, కళ్ళెదురుగా చూసి ఏసినవీ, ఇంట్లోవాళ్ళ పోర్ట్రెయిట్లూ అయితే సరే. కారణాలు మూడు చెప్పినారు, ఫ్యాన్స్ కొట్లాటలు, కాపీరైటు, ఇంకోటి ఫొటో చూసి ఏసేది కళ కాదు కాపీ అని. నోటీసు కింద కామెంట్లు కట్టేసినారు. అందుకే ఈ లేఖ. కోపంతో రాయలేదన్నా, ఆ గ్రూపు లేకుంటే నేను ఇప్పటికీ లాడ్జి రిజిస్టరు వెనక పేజీల్లో పెన్నుతో కళ్ళు గీసుకుంటా ఉండేవాణ్ణి, ఆ సంగతి మర్చిపోలా.

ముందు ఒక చిన్న డౌటు. మనది చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల వాళ్ళ గ్రూపు. సినిమావాళ్ళు వద్దంటే చిత్తూరు నాగయ్య గారి బొమ్మ చిత్తూరోళ్ళ గ్రూపులో పెట్టకూడదా? ఆయన పుట్టింది ఈడ కాదు, గుంటూరు వైపు, కానీ చిత్తూరులో రామవిలాస సభ వాళ్ళతో నాటకాలు ఆడి ఆ ఊరి పేరే తన పేరుకి ముందు పెట్టుకుని పోయినాడు, 1965లో పద్మశ్రీ వచ్చినప్పుడు కూడా ఆ పేరు మీదే వచ్చింది. ఇంక 1983లో తిరుపతి నుంచి గెలిచిన ఎన్టీఆర్ ఉండాడు, 2009లో గెలిచిన చిరంజీవి ఉండాడు. వీళ్ళ బొమ్మ ఏస్తే సినిమావాళ్ళని తీసేస్తారా, మన ఎమ్మెల్యేలని ఉంచుతారా? కిరీటం పెట్టి ఏస్తే ఒక లెక్క, కళ్ళజోడు పెట్టి ఏస్తే ఇంకో లెక్కా? నవ్వులాటకి అడుగుతా ఉండా అనుకోండి, అయినా రూలు పెట్టేముందు ఎవురో ఒకరు ఈ మాట అడగాల కదా.

అసలు విషయానికి వస్తా.

నాకు బొమ్మలు ఎవురూ కూర్చోబెట్టి నేర్పలా. ఫ్లెక్సీలు రాకముందు సినిమా బ్యానర్లు చేత్తో ఏసేవాళ్ళు కదా, పెద్ద గుడ్డ మీద. మా ఇంటికి రెండు వీధుల అవతల ఒకాయన షెడ్డు ఉండేది, స్కూలు నుంచి వస్తా వస్తా ఆడ నిలబడిపోయేవాణ్ణి. ఆయన చేతిలో పోస్టుకార్డంత స్టిల్లు ఉంటుంది, దాని మీద పెన్సిలుతో గళ్ళు, ఎదురుగా పది అడుగుల గుడ్డ మీద సుద్ద పూసిన దారం లాగి కొట్టి అవే గళ్ళు. చిన్న గడిలో ఏముందో పెద్ద గడిలో అదే ఏసుకుంటా పోవడం. నన్ను ఒక్కసారే పలకరించినాడు, అప్పుడు చెప్పిన మాట ఒక్కటే, కంటికీ కంటికీ మధ్య ఇంకో కన్ను పట్టాలబ్బయ్యా అని. అంతకంటే పెద్ద పాఠం నాకు ఇంతవరకూ ఎవురూ చెప్పలా.

అయితే నేను చెప్పాలనుకున్నది ఆయన గురించి కాదు, ఆయన కింద నిలబడి చూసేవాళ్ళ గురించి. టీ గ్లాసు పట్టుకుని నలుగురు ఎప్పుడూ ఉండేవాళ్ళు, వాళ్ళలో ఒక్కడికీ పెన్సిలు పట్టుకోవడం రాదు. కానీ పైనుంచి ఆయన ముక్కు రవ్వంత లావుగా ఏసినాడనుకో, కింద నుంచి ఒకడు, అన్నా ముక్కు మావోడిది కాదన్నా అని అరిచేవాడు. ఆయన తిట్టుకుంటానే ముక్కు చెరిపేవాడు. ఎందుకు చెరిపేవాడంటే వాడు చెప్పింది నిజం గాబట్టి. ఆ మొగాన్ని వాడు నూరుసార్లు చూసుంటాడు, మొదటి ఆట, రెండో ఆట, మళ్ళీ సెకండ్ రిలీజు, వాళ్ళ నాయన మొగం కూడా వాడు అంత శ్రద్ధగా చూసుండడు.

ఫ్యాన్ ఆర్ట్ అంటే నాకు ఇదేనన్నా. జవాబు అందరికీ తెలిసిన పరీక్ష. నేను మా పక్కింటాయన బొమ్మ ఏసి గ్రూపులో పెడితే మీరంతా సూపర్ బ్రో అంటారు, చేతులు జోడించిన బొమ్మలు నాలుగు పెడతారు, పాపం మీరు మాత్రం ఏం చేస్తారు, ఆయన ఎట్లుంటాడో మీకు తెలీదు కదా. అదే అందరికీ తెలిసిన హీరో బొమ్మ పెడితే, పై పెదవి ఒక మిల్లీమీటరు కిందికి దిగినా సరే ఎవడో పలమనేరు నుంచి, ఇది మావోడు కాదు వాళ్ళ బాబాయి మాదిరి ఉండాడు అంటాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టదు. నిద్ర పట్టేది ఎట్లాగూ లేదు, డ్యూటీ కదా, అది వేరే సంగతి. కానీ మరుసటి రోజు అదే పెదవిని ఎనిమిది సార్లు ఏస్తా.

మా సూర్యకాంతం గారి కథ మీలో కొందరికి గుర్తుండాల. నేను పెట్టిన మొదటి పెద్ద బొమ్మ అది, గయ్యాళి అత్త అంటే తెలుగోళ్ళకి ఆ మొగమే కదా, చెయ్యి తిప్పుతా తిట్టేటట్టు ఏసినా. చెయ్యి బాగొచ్చింది, కళ్ళు బాగొచ్చినాయి, కానీ కామెంట్లలో అందరూ ఒకటే గోల, అమ్మ చిక్కిపోయిందేంది అని. నేను బుగ్గ అంచుకి గట్టిగా గీత గీసి లోపలంతా ఒకటే నలుపు రుద్దినా, నిండుగా ఉండే బుగ్గ పలక మాదిరి అయిపోయింది. మన గ్రూపులోనే ఒక అక్క, పేరు చెప్పను, ఆమెకి ఇష్టం ఉండదేమో, పర్సనల్గా మెసేజీ పెట్టి చెప్పింది, తమ్ముడూ నిండు బుగ్గకి అంచు గీత ఉండదు, నీడ వచ్చి అంచు కాడ ఆగిపోకుండా మళ్ళీ రవ్వంత వెలుతురు తిరిగొస్తుంది, దవడ కింద అది వదిలిపెట్టు, ముక్కు పక్క నుంచి నోటి దాకా దిగే గీతని పెన్సిలుతో గీయొద్దు, రెండు పక్కలా నీడ ఏస్తే అదే వస్తుంది అని. నేను 2బి పెన్సిలు తీసి పక్కన పెట్టి మెత్తగా చుట్టిన కాగితంతో రుద్దుకుంటా మళ్ళీ మొదలుపెట్టినా. నాలుగు రాత్రులు పట్టింది. ఐదో రోజు పెడితే, ఆ, ఇప్పుడు తిడతా ఉంది అన్నారు.

ఇది ఎందుకు చెప్తా ఉండానంటే దీని తర్వాత జరిగింది చెప్పాల గాబట్టి.

మా లాడ్జిలో రూములు ఊడ్చే పెద్దాయన ఒకాయన ఉండాడు, అరవై దాటినాయి. ఒకరోజు నేను ఏసేది చూసి, సామీ మా అమ్మ బొమ్మ ఏసిస్తావా అన్నాడు. ఫొటో ఉందా అంటే పాత రేషన్ కార్డు తెచ్చినాడు. కుటుంబం మొత్తం నిలబడిన ఫొటో, చిటికెన వేలి గోరంత మొగం ఆమెది, దానికి తోడు గవర్నమెంటు ముద్ర గుండ్రంగా సరీగ్గా ఆమె ఎడమ చెంప మీద పడుండాది. ఆమె ఉన్న ఫొటో లోకంలో ఇంకోటి లేదంట. సెల్లుతో తీసి పెద్దది చేసి చూస్తే మొగం కనపడలా, చుక్కలు కనపడినాయి. మీ అక్కచెల్లెళ్ళలో ఆమె పోలిక ఎవురికన్నా ఉందా అంటే పుత్తూరులో ఉండే చెల్లెల్ని రమ్మన్నాడు, ఆమె ఆదివారం బస్సెక్కి వచ్చి కౌంటర్ ముందర కుర్చీలో అరగంట కూర్చుంది, కదలకుండా, ఫొటో స్టూడియోలో కూర్చున్నట్టు. ముక్కుపుడక ఎడమా కుడా అని అడిగితే అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ కొట్లాడుకున్నారు, అది ఇప్పటికీ తేల్లా, నేను ఫొటోలో కనపడిన చుక్కనే నమ్మినా.

ముద్ర పడిన చెంప దగ్గిర చెయ్యి ఆగిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది చూడండి ఆ అక్క చెప్పిన మాట. నిండు బుగ్గ, దవడ కింద తిరిగొచ్చే వెలుతురు. సూర్యకాంతం గారి బుగ్గ మీద నాలుగు రాత్రులు రుద్దిన చెయ్యే ఆ పేరు తెలీని అమ్మ చెంప కూడా ఏసింది. పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకోలా, చేతులు తడిగా ఉండాయని చొక్కాకి తుడుచుకుంటానే ఉండాడు, చూస్తానే ఉండాడు. మా అమ్మే, కాకపోతే ఇంకొంచిం నలుపు అన్నాడు. ఇంకా ముదురు నలుపొచ్చే 4బి పెన్సిలు తీసి ఆయన ముందరే ఇంకో పూత ఏసినా.

ఆ బొమ్మ మన గ్రూపులో పెడితే పదకొండు లైకులు. దాని ముందు పెట్టిన హీరో బొమ్మకి మూడొందల పైన. నాకేం బాధ లేదు, మీకు ఆమె ఎవురో తెలీదు. కానీ మీ కొత్త రూలు ప్రకారం పదకొండు లైకుల బొమ్మ అసలైన కళ, మూడొందల లైకుల బొమ్మ కాపీ. ఆ కాపీ లేకుంటే ఈ బొమ్మ లేదన్నా, నేను చెప్పేదంతా ఇంతే.

ఫొటో చూసి ఏసేది కాపీ అనే మాట తిరుపతిలో కూర్చుని అంటే నాకు నవ్వొస్తుంది. ఈ ఊర్లో బొమ్మలేసే ప్రతివాడూ మొట్టమొదట ఏసింది ఎవుర్ని? సామినే కదా. గుళ్ళో కెమెరా పనికిరాదు, సెల్లు కూడా బయటే పెట్టి పోవాల, మూలవిరాట్టు ఫొటో మనలో ఎవురి దగ్గిరా లేదు. మనిండ్లలో ఉండే సామి పటాలు ఎవురో ఒక ఆర్టిస్టు ఏసిన బొమ్మలో, సెట్టు ఏసి తీసినవో. ఒకరు ఏసింది చూసి ఇంకొకరు, ఆయన్ని చూసి ఇంకొకరు. అంటే ఈ ఊరంతా కాపీనేనా? నేను కూడా నోటుపుస్తకం అట్ట మీది సామిని చూసే నేర్చుకున్నా, ఆరో క్లాసులో. అప్పట్లో సామి బొమ్మ నాకు బలే సులువనిపించేది, ఎందుకంటే పెద్ద నామం కింద కళ్ళు శానా మటుకు దాగిపోతాయి, పిలకాయలకి కళ్ళే కదా కష్టం. తర్వాత మా జేజి ఒక గురువారం కొండకి పోయొచ్చి చెప్పింది, ఆ రోజు నగలన్నీ తీసేసి నామం సన్నం చేస్తారు, నేత్ర దర్శనం, కండ్లు చూసినా నాయనా అని. ఎట్లుండాయి జేజీ అంటే చెప్పలేకపోయింది, చెయ్యి మాత్రం గుండె మీద పెట్టుకుంది. ఆ కండ్లు నేను ఇంతవరకూ ఏయలా.

శ్రీకాళహస్తి మనకి గంట ప్రయాణం. ఆడ కలంకారీ ఏసేవాళ్ళని చూసినవాళ్ళు మన గ్రూపులోనే ఉండారు. కరక్కాయా పాలూ పట్టించిన గుడ్డ, చింత కట్టెల బొగ్గుతో మొదటి గీత, దాని మీద వెదురు కలంతో నలుపు, ఆ నలుపు కూడా తుప్పు ఇనుమూ బెల్లమూ నీళ్ళలో రోజుల తరబడి మురగబెట్టి తీసింది. ఏసేది ఎవుర్ని? అదే రాముడు, అదే సీత, అదే పది తలకాయలు. వాళ్ళ నాయన ఏసిన రాముడే కొడుకూ ఏస్తాడు. అట్లని వాళ్ళని కాపీ కొట్టేవాళ్ళు అంటామా? గురప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ ఇచ్చింది ఈ పనికే. ఇద్దరు ఏసిన రాముళ్ళని పక్కపక్కన పెడితే తెలిసినవాళ్ళు టక్కున చెప్తారు ఇది ఫలానా ఇంటి చెయ్యి అని. చెయ్యి తెలియాలంటే మొగం అందరిదీ అయ్యుండాల.

కళ్ళెదురుగా చూసి ఏయమంటారు, బాగుంది, నాకంటే ఎక్కువ మొగాలు రోజూ చూసేవాళ్ళు ఈ గ్రూపులో ఎవురూ ఉండరు. రాత్రికి నలభై మంది. గుండు బొమ్మ సులువనుకుంటారు జనం, జుట్టు లేదు కదా అని, జుట్టే కదన్నా మన తప్పులన్నీ కప్పేది, గుండు ఏస్తే తలకాయ షేపు తప్పిందని చిన్న పిల్లోడు కూడా చెప్తాడు. ఏస్తా, ప్రాక్టీసుకి, పుస్తకంలో. గ్రూపులో ఒక్కటి కూడా పెట్టలా, పెట్టను. వాళ్ళు దేవుణ్ణి చూసేదానికి వచ్చినారు, నా కంట్లో పడేదానికి రాలా. నా టేబులు సొరుగులో ఆధార్ జిరాక్సులు కట్టలు కట్టలు ఉంటాయి, ప్రతిదాంట్లో ఒక మొగం, అది చూసి ఒక్క బొమ్మ ఏయలేదు ఇంతవరకూ. హీరో అయితే వెయ్యి మంది చూడాలనే మొగం బయట పెట్టుకున్నాడు. లాడ్జికి వచ్చిన ఆడమనిషి అట్లా పెట్టుకోలా. ఫ్యాన్ ఆర్ట్ ఆపేసి లైవ్ స్కెచ్ పెట్టండి అంటే రేపు బస్టాండులో నిద్రపోయేవాళ్ళ మొగాలు వస్తాయి గ్రూపులోకి, అడక్కుండా ఏసినవి. దానికి ఏం రూలు పెడతారు?

జాతర వేషాలు వేరు. మా తిరుపతి గంగజాతరలో వేషం కట్టినవాళ్ళని అడిగితే సంతోషంగా నిలబడతారు. పోయినేడు ‘తోటి’ అనే వేషం కట్టిన పిల్లోడిని అడిగి ఫొటో తీసుకుని ఏసినా, ఒళ్ళంతా బొగ్గు, దాని మీద వేపాకు. బొగ్గు పూసుకున్న మనిషిని బొగ్గు పెన్సిలుతోనే ఏసినా, ఆ తమాషా నాకు బలే నచ్చింది. మామూలు పెన్సిలు ఎంత రుద్దినా మెరుస్తుంది కానీ నలుపు రాదు, బొగ్గుకి మెరుపుండదు. దానికి వచ్చిన కామెంట్లలో ముప్పై దాకా సూపర్లు, ఒకే ఒక్కటి మాత్రం, కంటి తెలుపు మరీ తెల్లగా వదిలేసినావన్నా, ఆ నలుపులో టార్చిలైటు మాదిరి కొడతా ఉంది అని. నాకు పనికొచ్చింది ఆ ఒక్కటే. అది రాసినవాడు ఫ్యాన్ ఆర్ట్ తప్ప ఇంకేమీ ఏయడు, మీ రూలు వస్తే గ్రూపులో నుంచి పోయేవాళ్ళలో వాడు మొదటోడు.

ఇప్పుడు కాపీరైటు. ఈడ నా తప్పు కూడా ఉంది, ఒప్పుకుంటా.

రెండేండ్ల ముందు నేను ఏసిన ఒక హీరో బొమ్మ ఆయన పుట్టినరోజుకి ఫ్లెక్సీ అయ్యి మా ఊర్లోనే సర్కిల్లో లేచింది. కింద మూల నా సంతకం ఉండేది, అది కోసేసి ఆ తావ ఐదుగురు కుర్రాళ్ళ పాస్‌పోర్టు ఫొటోలు పెట్టినారు, కళ్ళజోళ్ళతో. డ్యూటీ దిగి పొద్దున్నే టీ తాగేదానికి పోతే నెత్తి మీద నా బొమ్మ, ఇరవై అడుగులు, నా పేరు లేదు. ఎవురు పెట్టినారో తెలుసు, ఇప్పుడు అది ముఖ్యం కాదు. ఆ కోపంలో చట్టం చదివినా, సెల్లులోనే. 1957 కాపీరైటు చట్టం, బొమ్మ ఏసినవాడికి ఏసిన క్షణం నుంచే హక్కు, రిజిస్టరు చేయకపోయినా సరే, వాడు బతికినన్నాళ్ళూ, పోయినాక ఇంకో 60 ఏండ్లూ. సెక్షన్ 57 అని ఇంకోటుంది, హక్కు అమ్మేసినా కూడా ఇది నేను ఏసింది అని చెప్పుకునే హక్కు మనకే మిగులుతుందంట. బలే ఉందే అనుకుంటా ఇంకా కిందికి చదివితే ఫొటో సంగతి వచ్చింది. ఫొటోకి కూడా హక్కుదారు ఉంటాడు, తీసినవాడో డబ్బులిచ్చి తీయించినవాడో, 2012లో చట్టం మార్చినాక దానికి కూడా తీసినవాడు బతికినన్నాళ్ళూ, పోయినాక ఇంకో 60 ఏండ్లూ. నేను ఆ హీరో బొమ్మ ఏసింది ఒక ఫొటోగ్రాఫర్ తీసిన స్టిల్లు చూసి, వెలుతురు ఎడమ పక్క నుంచి పడేటట్టు పెట్టింది ఆయన, ఆ నీడంతా ఆయన తెలివి. నేను ఆయన పేరు యాడ రాసినా? రాయలా. నా పేరు కోసేసినారని ఏడస్తా ఉన్నానే, నేను కోసిన పేరు సంగతేంది? టీ చల్లారిపోయింది ఆ రోజు.

అప్పటి నుంచి ఏ ఫొటో చూసి ఏసినానో, ఫొటోగ్రాఫర్ పేరు దొరికితే పేరు, లేకుంటే ఏ సినిమా స్టిల్లో, బొమ్మ కింద రాస్తా ఉండా, చూసుకోండి. ఒక్క రూపాయికి కూడా అమ్మలా. ఇంత మాత్రానికే చట్టం నన్ను వదిలేస్తుందని కాదు, కనీసం మర్యాద ఉంటుంది. మీకు కాపీరైటు భయం ఉంటే రిఫరెన్సు రాయకుండా పెట్టే బొమ్మ తీసేస్తామని రూలు పెట్టండి, నేనే మొదట చప్పట్లు కొడతా. ఫ్యాన్ ఆర్టే వద్దంటే మాత్రం, పిలకాయలు రోడ్డు మీద ఆడతా ఉండారని రోడ్డు తవ్వేసినట్టుంది.

ఫ్యాన్స్ కొట్లాటల గురించి నేను ఎక్కువ చెప్పను, మీరు చెప్పింది కరెక్టే. బొమ్మ కింద కలెక్షన్లు రాసేవాళ్ళనీ, వాళ్ళ హీరోని వీళ్ళూ వీళ్ళ హీరోని వాళ్ళూ తిట్టేవాళ్ళనీ తీసేయండి, దయ చూపొద్దు. బొమ్మ ఏం చేసింది మధ్యలో?

నోటీసులో రాయలా గానీ నాలుగో కారణం ఒకటుందని నాకనిపిస్తా ఉంది, అది ఏఐ. 2025 మార్చిలో ఆ గిబ్లీ పిచ్చి, అదే ఏఐతో ఫొటోల్ని జపాన్ కార్టూన్ బొమ్మల మాదిరి మార్చుకునేది, వచ్చినప్పటి నుంచి గ్రూపు గ్రూపు మాదిరి లేదు. ఎవురు ఏం పెట్టినా కింద ఒకటే ప్రశ్న, ఏఐనా బ్రో. నన్ను కూడా అడిగినారు, అది కూడా ఆ జాతర బొమ్మ కింద. గోళ్ళలో బొగ్గు ఇంకా పోలా అప్పటికి. చేతులు ఫొటో తీసి పెట్టినా, అదొక పిచ్చి పని, అడ్మిన్ అక్క నవ్వింది. ఏఐతో తీసి చేత్తో ఏసినానని చెప్పుకునేవాళ్ళు ఉండారు, కాదనను, శానా మంది హీరోల బొమ్మలే పెడతారు గాబట్టి మీకు ఫ్యాన్ ఆర్ట్ అంటేనే అనుమానం వచ్చింటుంది. దానికి మందు వేరే ఉందన్నా. గళ్ళు గీసినప్పుడు ఒకటి, ఒక కన్ను అయినాక ఒకటి, సగంలో ఒకటి, ఫొటోలు తీసి చివరి దాంతో పాటు పెట్టమనండి. చేత్తో ఏసేవాడికి సగం బొమ్మ ఎప్పుడూ దగ్గిర ఉంటుంది.

ఫొటోలంటే గుర్తొచ్చింది, ఇది లేఖకి సంబంధం లేదు, అయినా చెప్పేస్తా. ట్యూబులైటు కింద ఫ్లాషు కొట్టి బొమ్మని ఫొటో తీయొద్దు, ముదురు నీడ ఏసిన తావంతా తెల్లగా మెరిసిపోతుంది, ఆ తర్వాత నీడ తక్కువైందని మనమే తిడతాం. పొద్దున ఏడు గంటలప్పుడు కిటికీ పక్కన పెట్టి తీయండి. వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపించండి, లేకుంటే కనురెప్పల ఎంట్రుకలన్నీ కలిసి కాటుక అయిపోతాయి.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. రూలు ఒక రెండు నెలలు ఆపండి. ఆ రెండు నెలలు ఫ్యాన్ ఆర్ట్ పెట్టేవాళ్ళు రిఫరెన్సు రాయాల, సగం బొమ్మ కూడా పెట్టాల, కామెంట్ పెట్టేవాళ్ళు సూపర్ అనే ముందు ఒక్క తప్పన్నా చెప్పాల, తప్పు దొరక్కుంటే అప్పుడు సూపర్ అనుకోవచ్చు. కుదరకుంటే ఆ తర్వాత మీ ఇష్టం, నేను నోరెత్తను. గ్రూపు మీరు పెట్టింది, కష్టపడతా ఉండారు, రాత్రి పూట చెత్త మెసేజీలు తీసేది నేను చూస్తా ఉండా, నేను కూడా ఆ టైముకి మేలుకునే ఉంటా కదా.

మొదట్లో చెప్పిన సగం బొమ్మ నాగయ్య గారిదే. 1940ల నాటి స్టిల్లు, 2012కి ముందున్న రూలు ప్రకారం ఫొటోకి అచ్చయినాక 60 ఏండ్లే, అవి ఆ మార్పు రాకముందే దాటిపోయినాయి గాబట్టి ఆ భయం లేదు. పోతనగా, వేమనగా, త్యాగయ్యగా ఏసినాడు ఆయన, పోతన ఎట్లుండేవాడో మనలో చూసిందెవురు, అయినా మా నాయనకి పోతన అంటే నాగయ్య మొగమే. మొన్న రాత్రి కుడి కన్ను కూడా అయిపోయింది, కానీ రెండు కండ్లలో జాలి ఒక్క తీరుగా రాలేదని నాకు అనుమానం, కుడి కన్ను ఏడస్తా ఉంది, ఎడమది ఊరికే చూస్తా ఉంది. ఆదివారం పొద్దున డ్యూటీ దిగినాక కిటికీ కాడ ఫొటో తీసి గ్రూపులో పెడతా. ఒకటో తారీకుకి ఇంకా ఆరు రోజులుంది, పెద్దవాళ్ళెవురన్నా చూసి ఎడమ కన్ను సంగతి చెప్పండి.

ఇట్లు,
మీ గ్రూపులో రాత్రి రెండింటికి బొమ్మలు పెట్టేవాడు,
తిరుపతి